పొరుగూరి మామ

మినిందుకి కాలిక్యులస్ ఎంత చెప్పినా ఎక్కదు. ఆటలు మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చాయి. ద్వీపం దక్షిణ తీరాన మాతర పోయే రోడ్డు మీద, సముద్రం హోరు క్లాసులోకి వినిపించే ఆ ఇంజనీరింగు కాలేజీలో రెండో ఏడాది పిల్లలందరికీ ఈ రెండు సంగతులూ తెలుసు.

శనివారం మధ్యాహ్నం అయిందంటే అతనుండే అద్దె ఇంటి వరండాలో చాపలు పరిచేవాళ్ళు. పదిమందికి తక్కువ కాకుండా గుండ్రంగా కూర్చునేవాళ్ళు. అందరికీ తెలిసిన ఆటే. ఊళ్ళో ఇద్దరు హంతకులు ఉంటారు. రాత్రయింది అనగానే అందరూ కళ్ళు మూసుకుంటారు, హంతకులు మాత్రం కళ్ళు తెరిచి ఒకణ్ణి వేలితో చూపిస్తారు. తెల్లారింది అనగానే మిగిలినవాళ్ళు వాదించుకుని, అనుమానం వచ్చినవాణ్ణి ఊళ్ళోంచి గెంటేస్తారు.

మినిందు చేతిలో పడ్డాక ఆ ఆట వేరే ఆట అయిపోయింది. బిస్కట్ల అట్టపెట్టెలు కత్తిరించి చీటీలు చేసేవాడు. వాటి మీద ఎక్కడా లేని పాత్రలు రాసేవాడు. లాటరీ టికెట్లు అమ్మేవాడు ఒకడు, ఎవరి చీటీనైనా ఒక్కసారి దొంగతనంగా చూడొచ్చు. ప్రైవేటు బస్సు కండక్టరు ఒకడు, వాడు 'జరగండి, జరగండి' అన్నాడంటే పక్కపక్కన ఉన్న ఇద్దరూ చీటీలు మార్చుకోవాల్సిందే. పున్నమి రోజు తెల్లచీర కట్టి గుడిలో కూర్చునే ముసలమ్మ ఒకత్తె, హంతకురాలైనా ఆ పూట చంపడానికి వీల్లేదు. ప్రతి వారం కొత్త చీటీ ఉండేది. ఈసారి ఎవరొచ్చారని పిల్లలు బుధవారం నుంచే అడిగేవాళ్ళు. లెక్కల క్లాసులో చివరి బెంచీలో తల దించుకుని కూర్చునే కుర్రాడు శనివారం నాడు ఆ వరండాలో రాజు.

లెక్కల సంగతి తువారకన్ చూసుకునేవాడు.

తువారకన్‌ది తూర్పుతీరం. మట్టకళప్పు దగ్గర ఒక పల్లె. ఇంట్లో తమిళం, బళ్ళో తమిళం. ఈ కాలేజీకి వచ్చేదాకా సింహళం నాలుగు మాటలకు మించి రాదు. క్లాసులు ఇంగ్లీషులో కాబట్టి చదువు నడిచిపోయింది. మిగతాదంతా క్యాంటీన్లో, బస్సుల్లో చెవిన పడ్డ మాటల్తోనే నేర్చుకున్నాడు. పరీక్షలు దగ్గరపడితే, చదువొచ్చినవాడు రానివాళ్ళని కూర్చోబెట్టి పాఠం చెప్పడం అక్కడ ఆనవాయితీ. దాన్ని కుప్పి అంటారు. కుప్పి అంటే కిరసనాయిలు బుడ్డి. ఆ బ్యాచికి కాలిక్యులస్ బుడ్డి తువారకనే. తమిళం పిల్లలకి విడిగా చెప్పుకుంటే సరిపోయేదానికి, మినిందు మొదటి ఏడాది వచ్చి బతిమాలాడని, సింహళంలో కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

అతని సింహళంలో ఒక తేడా ఉండేది. మనం మనిషిని 'ఉన్నాడు' అని, రాయిని 'ఉంది' అని అన్నట్టే, ఆ భాషలోనూ ప్రాణమున్నదానికి ఒక మాట, లేనిదానికి ఒక మాట. తువారకన్‌కి ఆ రెండూ తారుమారు.

బోర్డు మీద గీత గీసి చెప్పేవాడు. "ఇదిగో, ఈ వక్రం ఉన్నాడు. కొండెక్కుతున్నాడు. ఎక్కి ఎక్కి పైన ఒక్క క్షణం ఆగాడు. ఆగాడు అంటే ఏమిటి? వాడి వాలు సున్నా. ఇప్పుడు దిగుతాడు. ఆ ఆగినచోటే మనకి గరిష్ఠం." తర్వాత గుమ్మం వైపు చూసి, "సారు బయట ఉంది, కాస్త మెల్లగా" అనేవాడు.

పిల్లలు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. సారు చెప్తే అర్థంకాని లెక్క అతను చెప్తే అర్థమయ్యేది. కొండెక్కి ఆగిన ఆ గీతని ఎవరూ మరిచిపోయేవాళ్ళు కాదు.

మినిందుకి ఆ పాత్ర తట్టింది ఆ క్లాసులోనే. పొరుగూరి మామ అని పేరు పెట్టాడు. చీటీ మీద ఇలా రాశాడు: 'నువ్వు పొరుగూరివాడివి. ప్రాణం లేనివాటిని ఉన్నాడు అనాలి, మనుషుల్ని ఉంది అనాలి. ఆట అయ్యేలోపు నువ్వు పొరుగూరివాడివని ఎవరూ పట్టుకోకపోతే గెలుపు నీ ఒక్కడిదే.'

గదిలో తనతో ఉండే ఒషదకి చూపిస్తే వాడు మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు.

"ఒరేయ్ మచాన్, ఇది అచ్చంగా మన తువా రా."

"తువా అని ఎక్కడ రాశాను? పొరుగూరివాడు, అంతే."

"వాడు చూస్తే?"

"వాడికి ఆటలెక్కడివి? శనివారం తమిళం పిల్లల కుప్పి కదా."

ఆ మాట నిజమే. రెండు శనివారాలు ఆ చీటీ ఆడారు. బ్యాచిలో అంత నవ్విన ఆట ఇంకోటి లేదు. చీటీ వచ్చినవాడు నోరు తెరిచీ తెరవకముందే దొరికిపోయేవాడు. "చాప ఇక్కడ పడుకున్నాడు" అనగానే పదిమందీ ఒక్కసారి "మామ, మామ" అని అరిచేవాళ్ళు. ఎంత ప్రయత్నించినా ఆ చీటీతో ఎవరూ గెలవలేదు. ఇది మరీ కష్టమైన పాత్ర, దీన్ని సరిచెయ్యాలి అని మినిందు అనుకుంటూ ఉండేవాడు.

మూడో శనివారం వాన. తమిళం పిల్లల్లో సగం మంది సెలవుకి ఊళ్ళు వెళ్ళారు. హిరుషి అని వాళ్ళ క్లాసమ్మాయి, కుప్పికి అందరికంటే ముందొచ్చి కూర్చునే పిల్ల, తువారకన్‌ని గొడుగు కింద లాక్కొచ్చింది.

"ఎప్పుడూ లెక్కలేనా? ఈ ఒక్కరోజు ఆడతాడంట. చోటివ్వండి" అంది.

తువారకన్ చెప్పులు విడిచి, తడిసిన కాళ్ళు గుడ్డకి తుడుచుకుని చాప మీద కూర్చున్నాడు. ఒషద మినిందు వైపు చూశాడు. చీటీల కట్ట మినిందు చేతిలో ఉంది. పొరుగూరి మామని తీసి చొక్కా జేబులో వేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? బొటనవేలు ఆ అట్ట మీదే ఉంది కూడా. కానీ అంతమంది చూస్తుండగా తీస్తే ఎందుకు తీశావంటారు. పైగా ఆ వారం నియమం కొంచెం మార్చాడు, ఒక్కసారి తప్పుగా పట్టుకుంటే ఇక మళ్ళీ పట్టుకోకూడదని. అది పనిచేస్తుందో లేదో చూడాలని ఉంది. ఇంతమందిలో వాడికే వస్తుందా ఏమిటి అనుకున్నాడు. కట్ట కలిపి పంచేశాడు.

మనుషులకంటే చీటీలు ఎప్పుడూ రెండు ఎక్కువే ఉంటాయి. కాబట్టి ఏ పాత్ర ఆటలో ఉందో, ఏది మిగిలిపోయిందో ఎవరికీ తెలియదు. ఆట నడిపే మినిందు కూడా రాత్రి లేచే హంతకుల మొహాలు తప్ప మిగతావి ఎరగడు.

ఆట మొదలైంది. రాత్రయింది, ఒకమ్మాయి చచ్చిపోయింది, తెల్లారింది. వాదన మొదలవగానే అందరూ చెవులు రిక్కించారు, మామ ఎవరా అని. ఎవరూ తప్పు మాట్లాడటం లేదు. మామ ఈసారి మిగిలిన చీటీల్లో ఉన్నాడని అనుకున్నారు.

తువారకన్ మొదట్లో మాట్లాడలేదు. చీటీ మోకాలి కింద పెట్టుకుని, ఒక్కొక్కళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ నోళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాడు. కొత్తవాడు కదా, నేర్చుకుంటున్నాడు అనుకున్నారు. రెండో రోజు ఎవరో అతని మీద అనుమానం పెట్టారు.

"నేను కాదు" అన్నాడు తువారకన్. "ఒషదని చూడండి. ఒషద ఇందాకా నవ్వుతూ ఉంది, ఇప్పుడు చెమట పట్టి ఉంది. వాడి ముందు టీ గ్లాసు చూడండి. ఇందాకటి నుంచి అలాగే కూర్చున్నాడు. చల్లారిపోయాడు. చేతులు వణికితే కనపడతాయని తాగడం లేదు."

అందరూ ఒషద వైపు తిరిగారు. ఒషద హంతకుడే. గెంటేశారు. భలే పట్టావు తువా అని వీపు తట్టారు. ఇంకొంచెం సేపటికి రెండో హంతకుడు కూడా దొరికాడు. ఊరు గెలిచిందని మినిందు ప్రకటించబోతుంటే తువారకన్ మోకాలి కిందనుంచి చీటీ తీసి చాప మధ్యలో వెల్లకిలా పెట్టాడు.

"ఊరు కాదు" అన్నాడు. "దీని ప్రకారం గెలిచింది నేను. అవునా, మినిందు? నువ్వే చెప్పాలి."

చాప చివర కూర్చున్న ఒకమ్మాయికి సంగతి ఇంకా ఎక్కక, "అదేంటి, తువా మాట తేడాగా ఏమీ అనలేదే, ఎప్పట్లాగే కదా..." అని సగంలో ఆపేసింది. ఒక్కొక్కరికీ ఆ సగం మాట వెళ్ళి తగిలింది. ఎవరు ఎవరి మొహం చూసుకోవాలో తెలియలేదు.

మినిందు ఆ చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

"అవును" అన్నాడు చివరికి. "నువ్వే గెలిచావు."

తువారకన్ లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "రేపు కుప్పి నాలుగింటికి" అని చెప్పి వానలోనే వెళ్ళిపోయాడు. హిరుషి గొడుగు తీసుకుని వెనకాల పరిగెత్తబోయి ఆగి, మినిందు వంక తిరిగింది.

"ఈ చీటీ ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నారు?"

"ఇది మూడో వారం" అన్నాడు ఒషద. తను రాని ఆ రెండు వారాలూ ఆడారని, తనకి ఎవరూ చెప్పలేదని ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు నాలుగింటికి తువారకన్ వచ్చాడు. అన్నమాట తప్పే మనిషి కాదు. బోర్డు తుడిచి, సుద్దముక్క తీసుకుని, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. పుస్తకంలో ఉన్నదున్నట్టు, ఒక్క మాట ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా. దక్షిణాది పల్లెల నుంచి వచ్చిన పిల్లల్లో సగం మందికి ఇంగ్లీషులో చెప్పిన లెక్క సారు చెప్పినా ఒకటే, గోడ చెప్పినా ఒకటే. కాసేపటికి పెన్నులు ఆగిపోయాయి.

హిరుషి చెయ్యెత్తింది. "తువా, మామూలుగా చెప్పవా?"

"ఇది మామూలే" అన్నాడు ఇంగ్లీషులోనే. "పరీక్ష ఈ భాషలోనే ఉంటుంది."

మినిందు చివరి బెంచీలో ఉన్నాడు. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాడు, వెళ్ళాక ఎందుకు వచ్చానా అనుకున్నాడు. బోర్డు మీద గీత కొండెక్కింది, దిగింది. పైన ఆగిందో లేదో ఎవరూ చెప్పలేదు. తువారకన్ ఒక్కసారి కూడా అతని వైపు కోపంగా చూడలేదు. అందరి వైపు చూసినట్టే అతని వైపూ చూశాడు. అదే భరించలేకపోయాడు మినిందు.

తర్వాతి కుప్పికి సగం మందే వచ్చారు. ఒషద గదిలో పుస్తకం మూసి విసుక్కున్నాడు.

"నీ చీటీ పుణ్యమా అని నా లెక్కలు కూడా పోయాయి."

"నవ్వింది నువ్వు కాదూ?"

"నవ్వాను. రాసింది నువ్వు. వెళ్ళి మాట్లాడు. నీ మాటే వాడు వింటాడు, మొదట పిలిచింది నువ్వేగా."

ఆ మాట మినిందుని పొడిచింది. అవును, పిలిచింది తనే. మొదటి ఏడాది, ఇలాంటి పరీక్ష ముందే, తువారకన్ 'నాకు మీ భాష సరిగా రాదు' అంటే, 'ఎలా వస్తే అలా చెప్పు, నవ్వేవాడి పళ్ళు రాలగొడతాను' అన్నది కూడా తనే.

మంగళవారం సాయంత్రం భుజాన సంచి వేసుకుని, క్యాంటీన్లో రెండు చేప బన్నులు కట్టించుకుని తువారకన్ ఉండే ఇంటికి వెళ్ళాడు. దార్లో ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకున్నాడు. అన్నీ తన పక్కే మొగ్గుతున్నాయి. నిన్ను అనుకుని రాయలేదు అందామంటే అబద్ధం. సరదాకి రాశాను అంటే ఆ సరదా ఎవరికి?

తువారకన్ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు. అతన్ని చూసి, తీగ మీద చివరి చొక్కా వేసేదాకా పని ఆపలేదు. తర్వాత మెట్టు మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు.

"తువా, తప్పు చేశాను" అన్నాడు మినిందు. ఆలోచించి పెట్టుకున్నవేవీ నోటికి రాలేదు.

తువారకన్ ప్రతి మాటా మెల్లగా, నేల చూసుకుని నడిచేవాడిలా మాట్లాడాడు.

"చీటీ చదివాను. ప్రాణం లేనివాటిని ఇలా అనాలి, మనుషుల్ని ఇలా అనాలి అని రాసి ఉంది. ఇందులో ఆటేముంది, అందరూ మాట్లాడేది ఇలాగేగా అనుకున్నాను. నీ చీటీలో తప్పు పడిందేమో, తర్వాత చెప్దామనుకున్నాను."

మినిందు తల ఎత్తలేదు.

"తర్వాత మీరు మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను. ఒక్కొక్కళ్ళనీ విన్నాను. అప్పుడు తెలిసింది. రెండేళ్ళు అయింది నేను ఇక్కడికి వచ్చి. బస్సులో మాట్లాడాను, కొట్లో మాట్లాడాను, మీ అమ్మ వచ్చినప్పుడు ఆమెతో మాట్లాడాను. తప్పని ఒక్కరు చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు."

"అది తప్పని నాకు అనిపించలేదు తువా. నిజంగా. నువ్వలా చెప్తేనే మాకు..."

"అనిపించకపోతే చీటీ మీద ఎలా రాశావు?"

మినిందు పొట్లం దారం విప్పి మళ్ళీ ముడేశాడు.

"క్లాసులో నవ్వేవాళ్ళు" అన్నాడు తువారకన్. "నా జోకులకి అనుకునేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి, అమ్మా, సింహళంలో కూడా నవ్విస్తున్నాను అని."

పక్కింటి రేడియోలో వార్తలు వస్తున్నాయి. మినిందు చేప బన్నుల పొట్లం మెట్టు మీద పెట్టాడు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"లెక్కలు అడగడానికి వచ్చావా?" అన్నాడు తువారకన్.

"కాదు."

"సంచిలో ఏముంది?"

సంచిలో పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. క్షమించమని అడగడానికి బయలుదేరినవాడు, గది తాళం వేస్తూ వేస్తూ వెనక్కి వెళ్ళి అవి సంచిలో పెట్టుకున్నాడు. ఒకవేళ మాట కలిస్తే అడగొచ్చని. ఆ క్షణంలో మినిందుకి చీటీ రాసినందుకంటే ఆ కాగితాలు తెచ్చినందుకు ఎక్కువ సిగ్గేసింది.

"తియ్యి" అన్నాడు తువారకన్.

"వద్దులే తువా. దానికోసం రాలేదు."

"ఎల్లుండి పరీక్ష. తప్పితే మళ్ళీ ఏడాది నాతోనే చెప్పించుకుంటావు. తియ్యి."

తీశాడు. తువారకన్ మోకాలి మీద పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. సింహళంలోనే. కానీ ప్రతి వాక్యం చివర ఒక్క క్షణం ఆగి, ఏ మాట వెయ్యాలో చూసుకుని వేస్తున్నాడు. "ఇక్కడ ఒక వక్రం... ఉంది. పైకి... వెళ్తోంది." అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒకచోట ఆగి తలెత్తాడు.

"సమీకరణానికి ఏది? ఉందా, ఉన్నాడా?"

"ఎలా అన్నా అర్థమవుతుంది తువా."

"అర్థమవుతుందా అని కాదు అడిగింది."

"ఉంది" అన్నాడు మినిందు.

"ఉంది" అని తనలో తను అనుకుని, తువారకన్ తర్వాతి లెక్కకి వెళ్ళాడు. చీకటి పడేదాకా చెప్పాడు. వెళ్ళేటప్పుడు, "క్షమించావా అని అడగకు" అన్నాడు. "అడిగితే క్షమించాను అనాలి. ఇంకా అనిపించడం లేదు."

మినిందు తలూపాడు.

పరీక్షలో గరిష్ఠం లెక్క వచ్చింది. చేశాడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ఇంటి నుంచి తల్లి ఫోన్లో మురిసిపోతుంటే, తువా చెప్పాడమ్మా అన్నాడు. ఆ అబ్బాయిని తీసుకురా, కిరిబత్ పాలన్నం వండుతాను, ఎంత బాగా మాట్లాడతాడో అందావిడ. సరే అన్నాడు. తువారకన్‌ని పిలవడం మాత్రం వాయిదా వేస్తూనే పోయాడు.

తర్వాతి అర్ధసంవత్సరం కుప్పి మళ్ళీ సింహళంలోనే నడిచింది. తువారకన్ మాటలో ఇప్పుడు తప్పు దొరకదు. ఎవరైనా కొత్తగా విన్నవాళ్ళు ఎంత శుద్ధంగా మాట్లాడతాడో అంటారు. నవ్వులు తగ్గాయి. ఆటకి మాత్రం మళ్ళీ రాలేదు. మినిందుతో మాట్లాడతాడు, అడిగిన లెక్క చెప్తాడు, కనపడితే తిన్నావా అంటాడు. అంతకు మించి ఉండదు. పొరుగూరి మామ చీటీని మినిందు ఆ వానరోజే చింపేశాడు. కొత్త పాత్రలు రాయడం కూడా తగ్గించాడు. రాయబోతే, ఇది ఎవరి నుంచి తీసుకుంటున్నాను అనే ప్రశ్న ముందొచ్చి నిలబడేది.

కొత్త బ్యాచి వచ్చిన రెండు మూడు నెలలకి, ఒకరోజు క్యాంటీన్లో టీ తాగుతుంటే వెనక బల్ల మీద మొదటి ఏడాది పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. "బెంచీ అలిగాడు" అన్నాడొకడు. "మామ, మామ" అని అందరూ అరిచారు.

మినిందు లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"ఈ చీటీ ఎక్కడిది?"

"సీనియర్ హాస్టల్లో ఆడుతుంటే చూసి రాసుకున్నాం అన్నా" అంది ఒకమ్మాయి. "మీరు చేసిందే కదా? అన్నిటికంటే ఇదే బాగుంది."

ఊరుకుని వచ్చెయ్యొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అక్కడే బెంచీ చివర కూర్చుని చెప్పాడు. అది ఎవరి మాటో, తను ఎక్కడ విన్నాడో, ఎవరికి పంచాడో, ఆ మనిషి ఏమన్నాడో, సంచిలో కాగితాల సంగతితో సహా. సగంలో ఒక కుర్రాడు నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. మినిందు చూశాడు, చెప్పడం మాత్రం ఆపలేదు.

"ఆ అన్నకి కోపం వచ్చిందా?" అంది ఆ అమ్మాయి.

"రాలేదు."

"మరింకేం అన్నా?"

మినిందు ఆ చీటీ కోసం చెయ్యి చాచాడు. ఆ అమ్మాయి కట్టలోంచి చీటీ వెతికి తీసి అతని చేతిలో పెట్టింది. అతని రాత కాదు. ఇంకెవరిదో, గుండ్రటి అక్షరాలు. తన మాటలు మాత్రం ఒక్కటి పోకుండా ఉన్నాయి.

"ఇంకా ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"క్యాంటీన్ పై అంతస్తులో ఆడేవాళ్ళ దగ్గర ఉండొచ్చు" అంది. "సరిగ్గా తెలియదు."

మినిందు టీ సగంలోనే వదిలేసి మెట్లవైపు నడిచాడు.